డిగ్గర్ మీదికి మనిషి ఎందుకు ఎక్కుతున్నాడు?

హైదర్‌గూడ, నారాయణగూడ అపార్ట్‌మెంట్లలో కాపురముండి, చేవెళ్ల దగ్గరో జనగామ దగ్గరో నాలుగెకరాలు చూసుకునేవాళ్లకు ఎండాకాలం రాగానే రెండు పనులు మీద పడతాయి. ఒకటి కంచె వేయించడం, రెండోది వానలు పడేలోగా మొక్కలకు గుంటలు తీయించడం. దేనికైనా గుంటే మొదలు. నాలుగెకరాల చదరపు చెలకకు చుట్టుకొలత సుమారు 1,670 అడుగులు. పది అడుగులకో రాతి కడీ పాతినా 167 గుంటలు కావాలి. గడ్డపార పట్టే కూలీలు దొరకని చోటికి ట్రాక్టర్ వెనక తగిలించే గుంటల మిషన్ వస్తుంది. ఊళ్లో దాన్ని డిగ్గర్ అంటారు, కొందరు అందులో తిరిగే మర పేరుతో ఆగర్ అంటారు. అద్దెకు తెచ్చుకునేవాళ్లు కొందరైతే, షెడ్డు పక్కన తుప్పు పట్టి పడున్నదాన్ని చవగ్గా కొని బాగుచేయించుకుందామనుకునేవాళ్లు మరికొందరు.

ఈ రెండో రకం వాళ్లకు సందేహాలు ఎక్కువ. పాతది కొనొచ్చా? ఏమేం మార్చాలి? ఎంతవరకు చేస్తే బాగుచేసినట్టు? పని జరిగేటప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలి? దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులు? రిపేరు సంగతి మెకానిక్‌ను అడుగుతాం. భద్రత సంగతి కంపెనీ పుస్తకంలో ఉంటుంది, దాన్ని ఎవరూ తెరవరు. ఇద్దరి మాటా ఒకచోట చేరదు. చేర్చి చూస్తే తేలేది ఇది: ఈ యంత్రం దగ్గర కనిపించే ప్రతి ప్రమాదకరమైన అలవాటు వెనకా చేయకుండా వదిలేసిన రిపేరు ఒకటి ఉంటుంది.

ఎత్తుతుంది, నొక్కదు

ట్రాక్టర్ వెనక ఉండే మూడు చేతుల అమరిక, త్రీ పాయింట్ లింకేజీ, ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన. 1926లో ఆయన తీసుకున్న పేటెంటు 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో ప్రపంచమంతా తిరిగింది. మన దగ్గర 1960లో మొదలైన టాఫే, మాసీ ఫెర్గూసన్ పేరుతో ఇచ్చిన ట్రాక్టర్లలోనూ అదే ఏర్పాటు. ఇవాళ ఏ కంపెనీ బండి చూసినా అంతే. రెండు కింది చేతులు, ఒక టాప్ లింకు, వాటిని లేపే హైడ్రాలిక్.

ఇందులో ఒక సంగతి చాలామంది గమనించరు. మామూలు ట్రాక్టర్ హైడ్రాలిక్ పనిముట్టును పైకి ఎత్తుతుంది, కిందికి మాత్రం నొక్కదు. లివర్ దించినప్పుడు పనిముట్టు తన బరువుతోనే దిగుతుంది. నాగలికి దీనితో ఇబ్బంది లేదు, ముందుకు లాగుతుంటే కర్రు వాలు దాన్ని నేలలోకి దింపుతుంది. డిగ్గర్ కదలకుండా ఒకే చోట తిరగాలి. దాన్ని నేలలోకి దింపేవి గేర్‌బాక్సు, ఆగర్‌ల సొంత బరువు, కింద ఉన్న మొన, బ్లేడ్ల పదును, అంతే. బ్లేడు మొద్దుబారితే, నేల గట్టిగా ఉంటే ఆగర్ పైపైన గీరుతూ తిరుగుతుంది. అప్పుడు డ్రైవర్ వెనక్కి తిరిగి, "తమ్మీ, జర ఎక్కి నిలబడరాదు, దిగుతలేదు" అంటాడు. కుర్రాడు డిగ్గర్‌ను మోసే బూమ్ మీద కాలు పెట్టి గేర్‌బాక్సు మీద బరువేస్తాడు. ఆగర్ దిగుతుంది, గుంట పడుతుంది, మర్నాటికి అదే పద్ధతైపోతుంది.

ఆ కుర్రాడి కాళ్ల దగ్గర తిరిగేది ట్రాక్టర్ ఇంజన్ బలాన్ని గేర్‌బాక్సుకు అందించే పీటీవో షాఫ్ట్. దాని మామూలు వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. షాఫ్ట్ గొట్టం 50 మిల్లీమీటర్లుందనుకుంటే ఒక్కో చుట్టుకు సుమారు 15 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. సెకనుకు 1.4 మీటర్లు. భుజం మీది రెండు మీటర్ల తువ్వాల కొస దొరికిందంటే ఒకటిన్నర సెకనులో మొత్తం లోపలికి పోతుంది. కేక వినిపించి, డ్రైవర్ తల తిప్పి చూసి, క్లచ్చు తొక్కేలోపు గుడ్డ తర్వాత చెయ్యి ఉంటుంది. గేర్‌బాక్సు దాటాక ఆగర్ వేగం దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది, నిమిషానికి 180 చుట్ల దగ్గరికి వస్తుంది. కళ్లకు నెమ్మదిగానే అనిపిస్తుంది. వేగం తగ్గిన మేరకు మెలితిప్పే బలం పెరుగుతుంది కాబట్టి, ఆ నెమ్మదిని నమ్మి దగ్గరికి వెళ్లేవాళ్లకే ఎక్కువ ముప్పు.

కాబట్టి "ఎక్కొద్దు" అని కుర్రాడికి చెప్పినంత మాత్రాన ఎక్కడం ఆగదు. ఎక్కాల్సిన అవసరం లేకుండా చేయాలి. ఆ పని షెడ్డులో, రిపేరు దగ్గర మొదలవుతుంది.

పాతది కొనేముందు

బేరమాడేముందు రంగు సంగతి వదిలేసి నాలుగు చోట్ల చూస్తే చాలు. మొదటిది ఫ్రేము. ట్రాక్టర్‌కు తగిలే ఏ-ఆకారపు చట్రం, దాని నుంచి వెనక్కి వచ్చే బూమ్, గేర్‌బాక్సును పట్టుకునే యోక్. వెల్డింగు అతుకుల వెంట తుప్పు గీతలా కనిపిస్తే అది పగులు కావచ్చు. వైర్ బ్రష్‌తో రుద్ది, డీజిల్ పూసి తుడిచి, సుద్దపొడి చల్లితే పగులు ఉన్నచోట తడి గీత పైకి తేలుతుంది. పగులు మీద పైపైన వెల్డింగు పూసి రంగేసిన ఫ్రేము అసలు పగులున్నదానికంటే ప్రమాదం, ఎందుకంటే అది కనపడదు.

రెండోది పిన్నులు. మన ప్రాంతంలో ఎక్కువగా తిరిగే 35 నుంచి 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లలో కింది చేతుల పిన్ను కొన్నిటికి 22 మిల్లీమీటర్ల కేటగిరీ 1, కొన్నిటికి 28 మిల్లీమీటర్ల కేటగిరీ 2 ఉంటుంది. పెద్ద బెజ్జంలో చిన్న పిన్ను పెట్టి నడిపితే యంత్రం ఊగుతుంది, బెజ్జం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. సాగిన బెజ్జానికి బుష్ వేయించాలి. పిన్ను జారిపోకుండా పెట్టే లించ్ పిన్ను బదులు మేకు దూర్చడం రిపేరు కిందికి రాదు.

మూడోది గేర్‌బాక్సు. ఇంజన్ ఆపి, పీటీవో షాఫ్ట్ విప్పి, ఆగర్‌ను రెండు చేతులా పట్టుకుని ఊపి చూడాలి. పక్కలకు కొట్టుకుంటే బేరింగులు పోయాయి. కింద ఆయిల్ కారి మట్టి పేరుకుని ఉంటే ఆయిల్ సీల్ పోయింది. ఈ రెండూ మార్చుకోదగ్గవే. బేరింగ్ అంచున నంబరు చెక్కి ఉంటుంది, ఆ నంబరు రాసుకుని రాణిగంజ్ బజారుకు వెళితే దొరుకుతుంది. క్రౌన్ పినియన్ పళ్లు విరిగి ఉంటే మాత్రం బేరం ఆపేయడం మేలు. పేరులేని తయారీ అయితే ఆ పళ్ల జత దొరకడం కష్టం, దొరికినా ఖర్చు కొత్త గేర్‌బాక్సుకు దగ్గరపడుతుంది.

నాలుగోది పీటీవో షాఫ్ట్, దాని మీద ఉండాల్సిన ప్లాస్టిక్ కవరు. పాత యంత్రాల్లో అన్నిటికంటే ముందు మాయమయ్యేది ఈ కవరే. అది లేదంటే బేరంలో ఆ ధర తగ్గించుకుని, కొత్తది కొనే ఖర్చు ఆ రోజే లెక్కలో రాసుకోవాలి. "తర్వాత చూద్దాం" అనుకున్న కవరు మరి రాదు.

గేర్‌బాక్సు ఆయిల్ చెప్పే కథ

డ్రెయిన్ నట్టు విప్పి, వచ్చే ఆయిల్‌ను ఒక తెల్లటి డబ్బాలో పట్టాలి. పెరుగు కలిపినట్టు తెల్లగా వస్తే నీళ్లు చేరాయి. వానలో ఆరుబయట పడి ఉన్న యంత్రంలో పై సీల్ నుంచో బ్రీదర్ నుంచో నీళ్లు దిగుతాయి. రెండు వేళ్ల మధ్య ఆయిల్ రాసి ఎండలో చూసినప్పుడు సన్నటి మెరుపు ఉంటే బేరింగో పళ్లో అరుగుతున్నాయి. గోటికి తగిలేంత ముక్కలు వస్తే గేర్‌బాక్సు విప్పక తప్పదు. ఆయిల్ అసలు రాకుండా నల్లటి జిగురు మాత్రమే వస్తే, ఆ యంత్రాన్ని ఎండిపోయిన గేర్లతోనే నడిపారని అర్థం.

లోపలి భాగాలు డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, బేరింగులు, సీళ్లు జతగా మార్చడం మంచిది. పాత బేరింగు ఉంచి సీల్ ఒక్కటే మారిస్తే, ఊగే షాఫ్ట్ కొత్త సీల్‌ను నాలుగు రోజుల్లో తినేస్తుంది. సీల్ పెదవి కూర్చునే చోట షాఫ్ట్ మీద గాడి పడి ఉంటే లేత్ వర్క్‌షాపులో స్లీవ్ వేయించాలి. క్రౌన్, పినియన్‌ల మధ్య సందు షిమ్ములతో సరిచూశాక ఆయిల్ పోయాలి. మామూలుగా 90 గ్రేడ్ గేర్ ఆయిల్ వాడతారు, కంపెనీ వేరే గ్రేడ్ చెప్పి ఉంటే అదే పోయాలి. లెవెల్ నట్టు బెజ్జం దాకా పోసి ఆపాలి. అంచుల దాకా నింపితే వేడికి పొంగి సీల్‌ను తోస్తుంది.

ఇక ఆగర్. బ్లేడ్లు, మొన బోల్టులతో బిగించి ఉంటే మార్చడం తేలిక. వెల్డింగు చేసి ఉంటే కోసి కొత్తవి పెట్టాలి. ఊళ్లో కమ్మరి కమాను పట్టీ ముక్కతో బ్లేడు కొట్టిస్తాడు, గట్టిదే. అంచు మీద హార్డ్ ఫేసింగ్ రాడ్‌తో ఒక వరస వెల్డింగు వేయిస్తే మొరంలో ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో, ఒకే వాలులో ఉండాలి. ఒకటి కిందికుంటే అదొక్కటే కోస్తుంది, ఆగర్ గుంటలో ఊగుతుంది, ఆ ఊపు బేరింగులకు తగులుతుంది. మొన మధ్యగీతకు సరిగ్గా లేకపోయినా ఇదే జరుగుతుంది. మొత్తం రిపేరులో చవకైన భాగం బ్లేడ్లు, మనిషిని యంత్రం మీదికి ఎక్కించేదీ అవే. సాయంత్రం పని ముగిశాక బ్లేడు అంచు చూసుకోవడం, గ్రైండర్ పట్టించడం అలవాటైన ఇంట్లో "ఎక్కి నిలబడు" అన్న మాట వినిపించదు.

ఒక బోల్టు, ఒక కవరు

పీటీవో షాఫ్ట్ యంత్రం వైపు కొసలోనో, ఆగర్‌ను గేర్‌బాక్సుకు కలిపే చోటో ఒక మెత్తటి బోల్టు ఉంటుంది. దాన్ని షియర్ బోల్టు అంటారు. ఆగర్ రాయికి తగిలి బిగుసుకుంటే మిగతా యంత్రం విరగకుండా ఈ బోల్టు తెగిపోవాలి. తెగడమే దాని ఉద్యోగం. రాళ్లున్న చెలకలో రోజుకు నాలుగుసార్లు తెగితే డ్రైవర్‌కు విసుగొస్తుంది. జేబులో ఉన్న హైటెన్సైల్ బోల్టు దూర్చి బిగిస్తాడు. ఇక బోల్టు తెగదు. బదులుగా గేరు పన్ను విరుగుతుంది, లేదా షాఫ్ట్ మెలిపడుతుంది, లేదా ట్రాక్టర్ పీటీవోకే దెబ్బ తగులుతుంది. బోల్టు తల మీద 4.6, 8.8 లాంటి అంకెలు ఉంటాయి. కంపెనీ చెప్పిన అంకె ఉన్న బోల్టులు డజను కొని టూల్ బాక్సులో వేసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇందులో రెండో ప్రమాదం పొడవుది. మార్చిన బోల్టు పొడవెక్కువై, నట్టు దాటి రెండంగుళాలు బయటికి పొడుచుకుని ఉంటుంది. తిరిగే షాఫ్ట్ మీద పొడుచుకున్న ఆ రెండంగుళాలే గుడ్డను పట్టే కొక్కెం. పంచె, లుంగీ, చీర కొంగు, చున్నీ, సంచి తాడు ఏదైనా మొదట దానికే చిక్కుతుంది. మిగిలిన పొడవు కోయించి, ఆ చోటుకు కవరు తప్పనిసరిగా పెట్టాలి.

షాఫ్ట్ విషయంలో ఇంకో మూడు చూడాలి. ఒకదాంట్లో ఒకటి జారే రెండు గొట్టాలు ఏ ఎత్తులోనైనా కనీసం మూడో వంతు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. ఆగర్ పూర్తిగా పైకెత్తినప్పుడు, పూర్తిగా దించినప్పుడు రెండుసార్లూ కొలవాలి. పొడవు ఎక్కువైతే గొట్టం అడుగుకు కొట్టుకుని గేర్‌బాక్సును పొడుస్తుంది, తక్కువైతే ఊడొచ్చి కొరడాలా తిరుగుతుంది. రెండు కొసల యోక్‌లు ఒకే వరసలో కూర్చోవాలి, ఒక పన్ను తప్పినా షాఫ్ట్ అదురుతుంది. క్రాసుల్లో పని మొదలెట్టేముందు రోజూ గ్రీజు కొట్టాలి. బిగించడం పూర్తయ్యాక కవరు చేత్తో తిప్పితే షాఫ్ట్‌తో సంబంధం లేకుండా తిరగాలి, దాని గొలుసు కదలని చోట తగిలించాలి. ట్రాక్టర్ వైపు పీటీవో మీద ఉండే ఇనుప టోపీ కూడా తిరిగి రావాలి. ఇవన్నీ కుదిరే దాకా ఆ యంత్రం బాగుపడినట్టు కాదు, తిరుగుతున్నట్టు మాత్రమే.

నేలను బట్టి పని

ఎర్ర చెలక, దుబ్బ నేలల్లో డిగ్గర్‌కు తిరుగులేదు. పదునైన బ్లేడుతో మూడడుగుల గుంట ఒకటి రెండు నిమిషాల పని. కిందికి పోయేకొద్దీ మొరం తగులుతుంది, అక్కడ కొంచెం కొంచెంగా కోయాలి. బండరాయి తగిలితే ఆ చోటు వదిలి రెండడుగులు జరగడమే తెలివి. డిగ్గర్ మట్టిని కోసే పనిముట్టు, రాయిని పగలగొట్టదు. నల్లరేగడి ఎండాకాలంలో రాయిలా ఉంటుంది, వానాకాలంలో ఆగర్‌కు అంటుకుని విదిలించినా రాలదు. ముందురోజు సాయంత్రం గుంట చోట ఒక బిందె నీళ్లు పోసి ఉంచితే మర్నాడు మనిషి బరువు అవసరం రాదు.

తడి రేగడిలో మరో చిక్కు ఉంది. తిరిగే రెక్క గుంట గోడను సబ్బు రుద్దినట్టు నున్నగా పూసేస్తుంది. ఆ గోడ ఎండితే మొక్క వేరు దాన్ని చీల్చుకుని బయటికి పోలేక కుండీలో తిరిగినట్టు గుంటలోనే తిరుగుతుంది. నీరూ ఇంకదు. మొక్క పెట్టేముందు గడ్డపారతో నాలుగువైపులా గోడ గీరి వదులు చేయాలి. కంచె కడీకి ఈ బాధ లేదు.

గుంట కొలతలోనూ పొరపాటు పడొద్దు. మామిడికి పాత పద్ధతి గుంట మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు, అంటే ఒక ఘనపు మీటరు. 18 అంగుళాల ఆగర్‌తో మూడడుగులు తవ్వితే వచ్చేది 0.15 ఘనపు మీటరు, అందులో ఏడో వంతు. నేల వదులుగా ఉంటే పర్లేదు కానీ, గట్టి మొరంలో ఆ చిన్న గుంటలో పెట్టిన మామిడి మొదటి రెండేళ్లు ఇబ్బంది పడుతుంది. ఆయిల్‌పామ్ లెక్క వేరు. 9 మీటర్ల త్రికోణంలో ఎకరాకు 57 మొక్కలు, 60 సెంటీమీటర్ల గుంటలు. 24 అంగుళాల ఆగర్ ఆ కొలతకు దగ్గరగా సరిపోతుంది. 2021లో కేంద్రం ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించాక తెలంగాణలో ఈ తోటలు పెరిగాయి, వాటితోపాటు పెద్ద ఆగర్ల గిరాకీ కూడా. రాతి కడీలకు 12 అంగుళాలు చాలు. వెడల్పు ఎక్కువైతే మళ్లీ పూడ్చి దిమ్మిస కొట్టే పని పెరుగుతుంది, కడీ వదులుగా నిలబడుతుంది.

తవ్వేముందు పైనా కిందా చూడాలి. పైన 11 కేవీ తీగలు ఉంటే బూమ్ ఎత్తినప్పుడు దూరం సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న. కింద బోరు మోటారు కేబులు, డ్రిప్ పైపు, 2016 నుంచి ఊరూరా పడిన మిషన్ భగీరథ పైపులైను, ఇంటర్నెట్ కేబులు ఏదైనా ఉండొచ్చు. హైదర్‌గూడ, హిమాయత్‌నగర్ రోడ్ల కింద ఇలాంటివి పొరలు పొరలుగా ఉంటాయి కనక ఇక్కడ కాలిబాట మీద చెట్టు గుంటకు ఎవరూ ఈ యంత్రం దించరు. పొలంలో ఆ జాగ్రత్త గుర్తుకు రాదు. తవ్వకాల ముందు కేబుల్ సంస్థలకు తెలపడానికి కేంద్ర టెలికాం శాఖ 2023 మార్చిలో తెచ్చిన యాప్ ఉంది. పొలం విషయంలో పాత పాలేరు జ్ఞాపకం, బోరు వేయించినవాళ్ల మాట అంతకంటే పనికొస్తాయి.

పనిలో ఎవరెక్కడ

పని పద్ధతి మీద తయారీదారుల పుస్తకాలు, విదేశీ భద్రతా సంస్థల సూచనలు చెప్పే మాట దాదాపు ఒకటే. యంత్రం తిరుగుతున్నంతసేపూ డ్రైవర్ ఒక్కడే, అదీ సీటులోనే. మిగతావాళ్లు 25 అడుగుల అవతల. గుంట గుర్తు ముందే సున్నంతో వేసిపెడితే "ఇటు, ఇంకొంచెం అటు" అంటూ ఆగర్ పక్కన నిలబడే మనిషి అవసరం పోతుంది. తీసిన మట్టిని యంత్రం తిరుగుతుండగా పారతో లాగడం మానాలి. పది గుంటలు వరసగా తీసి ట్రాక్టర్ ముందుకు కదిలాక వెనక నుంచి మట్టి పని మొదలెట్టొచ్చు.

యాక్సిలరేటర్ తక్కువ మీద పెట్టి పీటీవో కలపాలి, మొన నేలను పట్టాకే వేగం పెంచాలి. అరడుగు, ముప్పావు అడుగు దిగగానే ఎత్తి మట్టి విదిలించి మళ్లీ దించాలి. ఒకేసారి మూడడుగులు దించేస్తే ఆగర్ మరమేకులా తనను తానే బిగించుకుంటుంది. కింది చేతులు వంపుగా దిగుతాయి కాబట్టి లోతుకు పోయేకొద్దీ ఆగర్ ఒరుగుతుంది, ట్రాక్టర్‌ను కొద్దిగా జరిపి నిలువు చూసుకోవాలి. బూమ్ పూర్తిగా ఎత్తినప్పుడు షాఫ్ట్ కోణం ఎక్కువవుతుంది, ఆ స్థితిలో పీటీవో తిప్పకూడదు.

ఆగర్ బిగుసుకుపోతే హైడ్రాలిక్‌తో గుంజడం అందరూ చేసే పని. ముందు చక్రాలు లేచేది అప్పుడే. పీటీవో తీసేసి, ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, పెద్ద పైపు రెంచితో ఆగర్‌ను వెనక్కి తిప్పితే వదులవుతుంది. కొన్ని కొత్త ట్రాక్టర్లకు రివర్స్ పీటీవో ఉంది, ఆ సౌకర్యం ఉన్నచోట ఈ అవస్థ తప్పుతుంది. రెక్కలకు అంటిన మట్టి తీయాలన్నా, బోల్టు మార్చాలన్నా ఇంజన్ ఆగాల్సిందే. పంచె, కండువా, వదులు చేతులు ఆ రోజుకు ఇంట్లోనే ఉండాలి. సాయంత్రానికి మిగిలిన గుంటల మీద కంపో పలకో కప్పాలి. అడుగున్నర వెడల్పు, మూడడుగుల లోతున్న గుంట వాన నీళ్లతో నిండితే చిన్నపిల్లలకు, లేగదూడలకు అదే బావి.

గుంటకింత అని కూలి మాట్లాడుకోవడం ఈ జాగ్రత్తలను దాటేసే తొందరకు మూలం. గంట లెక్కన మాట్లాడితే డ్రైవర్ బోల్టు మార్చడానికి ఇంజన్ ఆపుతాడు, గుంట లెక్కన అయితే ఆపడు. అద్దెకు తెచ్చేవాళ్ల చేతిలో ఉన్న ఒక భద్రతా సాధనం ఈ గంట లెక్క.

డిగ్గర్ తప్ప దారి లేదా?

ఉంది. ఒక్కడే పట్టుకునే పెట్రోలు ఆగర్ కూరగాయల పందిళ్లకు, చిన్న మొక్కలకు బాగుంటుంది. వేరో రాయో తగిలితే అది మనిషినే తిప్పుతుంది, మణికట్టు, భుజం జాగ్రత్త. జేసీబీకి తగిలించే హైడ్రాలిక్ ఆగర్ అన్నిటికంటే మెరుగు. కిందికి నొక్కగలదు, వెనక్కి తిరగగలదు, బరువు మించితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆగిపోతుంది. పైన చెప్పిన మూడు జబ్బులూ దానికి లేవు. అద్దె ఎక్కువ, చిన్న చెలకల్లోకి తిరగడం కష్టం. గడ్డపార, పార, తట్ట పద్ధతి నెమ్మది, కానీ పెద్ద మామిడి గుంటకు ఇప్పటికీ అదే సరైనది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూలీల పనిని తీసేసే యంత్రాలను వీలైనంతవరకు వద్దంది. 2015 జులైలో చిలుకూరులో మొదలైన మొక్కలు నాటే కార్యక్రమం హరితహారానికి ఊళ్లలో ఉపాధి హామీ కింద తీసిన గుంటలు చేతులతో తీసినవే. యంత్రం సొంత తోటల్లో, సొంత కంచెల దగ్గర స్థిరపడింది.

ఏడాదికి ఒకటి రెండు వారాల పని ఉన్నవాళ్లకు పాతదైనా కొనడం దండగ, అద్దె మేలు. ఊళ్లో నలుగురు కలిసి వాడుకుంటామంటే, ఫ్రేము, గేరు పళ్లు బాగున్న పాత యంత్రం కొని పూర్తిగా బాగుచేయించడంలో అర్థముంది. కొత్తదే కొనాలనుకుంటే ఫీల్డ్‌కింగ్, శక్తిమాన్ లాంటి కంపెనీలవి ఉన్నాయి. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం జాబితాలో పోస్ట్ హోల్ డిగ్గర్ కూడా ఉంది. సబ్సిడీ ఆ ఏడాది రాష్ట్రానికి వచ్చే నిధులను బట్టి ఉంటుంది. హైదర్‌గూడవాళ్లకు బషీర్‌బాగ్‌లోని వ్యవసాయ శాఖ కమిషనర్ కార్యాలయం నడిచి వెళ్లేంత దూరమే అయినా, దరఖాస్తు మాత్రం పొలం ఉన్న మండలంలోనే.

చట్టం ఎంతవరకు

పొలం యంత్రాల ప్రమాదాల మీద దేశంలో ప్రత్యేకంగా వచ్చిన చట్టం 1983 నాటి ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్నవాళ్ల గోడు దాని వెనక ఉంది. ఆ చట్టం పవర్ థ్రెషర్‌ను ప్రమాదకర యంత్రంగా పేరుపెట్టి చెప్పింది, మిగతా వ్యవసాయ యంత్రాలను నోటిఫికేషన్ ద్వారా చేర్చే అధికారం కేంద్రానికి ఇచ్చింది. కవరు లేని పీటీవోతో తిరిగే ఏ యంత్రమైనా థ్రెషర్‌కు తీసిపోదు.

పరిహారం సంగతికి వస్తే, 1923 నాటి కార్మిక పరిహార చట్టం రెండో షెడ్యూలులోనే ట్రాక్టర్లతో చేసే సేద్యం ఉంది. 2000 సవరణతో రోజుకూలీలను పక్కనపెట్టే మాట అందులోంచి పోయింది. తర్వాత ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. అంటే డిగ్గర్ దగ్గర దెబ్బతిన్న కూలీకి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత పనిలో పెట్టుకున్నవాళ్ల మీదికి రావచ్చు. "వాడే ఎక్కాడు" అన్న జవాబు అక్కడ అంత తేలిగ్గా చెల్లదు. 2018లో వచ్చిన రైతుబీమా పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిస్తుంది. పట్టా లేని డ్రైవర్‌కు, కూలీకి అందులో చోటు లేదు, చెయ్యి పోయిన పట్టాదారుకూ లేదు.

ప్రమాదం జరిగితే ముందు ఇంజన్ ఆపాలి. చిక్కుకున్న మనిషిని విడిపించడానికి యంత్రాన్ని వెనక్కి తిప్పొద్దు, గుడ్డ కోయాలి, షాఫ్ట్ విప్పాలి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి 108కి ఫోన్ చేయాలి. తెగిన వేలో చెయ్యో ఉంటే తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచాలి. మంచు నేరుగా తగలకూడదు.

లెక్క తేలేది ఇక్కడ

శిక్షణకు చోట్లు లేకపోలేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అయితే డిగ్గర్ నడిపే కుర్రాడు అక్కడిదాకా వెళ్లడు. అతని చేతికి యంత్రం వచ్చేది లేత్ షెడ్డు నుంచి, దాన్ని ఇప్పించేది యజమాని. అందుకే భద్రత ఖర్చు రిపేరు బిల్లులో కలవాలి. బేరింగు, సీలు, బ్లేడుతోపాటు పీటీవో కవరు, సరైన గ్రేడు బోల్టులు, లించ్ పిన్నులు అదే కాగితం మీద రాయించుకోవాలి, అవి బిగించాకే డబ్బు ఇవ్వాలి. అద్దెకు తెచ్చుకునేవాళ్లు షాఫ్ట్ మీద కవరు లేకుంటే ఆ బండిని వెనక్కి పంపాలి. పది మంది అలా పంపితే పదకొండో పొలానికి ఆ బండి కవరుతోనే వస్తుంది. సబ్సిడీ ఇచ్చే శాఖ కొత్త యంత్రానికే కాక పాతవాటి కవర్లకూ కొంత ఇస్తే, తక్కువ ఖర్చుతో ఎక్కువ చేతులు మిగులుతాయి.